మేడగది

మా కొంగలదిబ్బ మీద మేడంటే ఒకటే.
తుఫాను కోసం కట్టింది.
తుఫాను రాని యేళ్ళలో పైగది
బొమ్మలేసే వాళ్ళకీ, కతలు రాసే వాళ్ళకీ.
ఒక్కొక్కళ్ళకి రెండేసి నెలలు.
తాళం నా కొంగున, వంట నా చేతిన.
పూటకి ఇంతని సొసైటీ ఇస్తుంది,
ఇచ్చినప్పుడు.

తడ కాడ పడవెక్కి, పులికాట్ మడుగు దాటి
ఈడ దిగంగానే అందరిదీ ఒకటే మాట:
"అబ్బ, ఎంత నిశ్శబ్దమో!"
డీజిలు పడవ ఆగింది గదయ్యా, అందుకు.
కాసేపుండు,
ఎర్రకాళ్ళ కొంగలు దిగతాయి,
పొన్నమ్మ మొగుడు నిద్ర లేస్తాడు.

దొరువు నీళ్ళు రెండు రోజులు పడవు వాళ్ళకి.
మూడో రోజు మడవ చేపల పులుసు పెడతా.
గిన్నె తలుపు కాడ పెట్టి, మూత మీద రాయి పెట్టి,
కాకులు బో తెలివైనవి ఈడ,
రెండు మెట్లు దిగి అడగతా:
"సార్, ఉప్పు సరిపోయిందా?"
సరిపోయిందనే అంటారు పాపం.
గిన్నె కడిగి ఇచ్చేది నూటికొకరు.

బెజవాడ గడ్డమాయన నన్ను కదలొద్దన్నాడు.
నెత్తిన రొయ్యల బుట్ట.
నేను కదలకుంటే రొయ్య ఊరుకుంటదా,
ఎండ ఊరుకుంటదా,
బుట్ట నీళ్ళు వీపున కారుతుంటే
నా వీపు ఊరుకుంటదా.
ఐదు రోజులు నిలబెట్టినాడు.
నెల్లూరులో గోడకి తగిలించారంట ఆ బొమ్మ.
ఏకాంబరం చూసొచ్చి చెప్పినాడు,
"వదినే, మొహం నీది కాదు గానీ
బుట్ట మాత్రం నీదే. ఆ ఈతాకు కుట్టు
ఈ దిబ్బ మీద ఇంకెవరికొస్తది!"
ఆ రాత్రి బుట్టని దీపం కాడ పెట్టుకోని
కుట్టు కుట్టూ తడిమి చూసుకున్నా.

ఇంకో పిల్ల చప్పుళ్ళు పట్టుకోని పోను వచ్చింది.
మైకుకి ఉన్ని టోపీ.
పిల్లలు దాన్ని పిల్లికూనని నిమిరేవాళ్ళు.
ఆ వారం దిబ్బ మీద తగాదాలన్నీ
గుసగుసగా జరిగినాయి.

మిగతా వాళ్ళు గుర్తు లేరు.
వాళ్ళు వదిలేసిన సగం సబ్బులు గుర్తు,
రంగు ఎండిపోయిన కుంచె గుర్తు. దానికి
పొయ్యి రాజేసే పని చెప్పినా.

నడి ఎండాకాలం మడుగు వెనక్కి పోతుంది.
పడవ బురదలో కూచుంటుంది.
కళ మా దిబ్బకి రాలేదు అప్పుడు.
పోయిన వైశాఖంలో గది ఊడ్చడానికి పోయి
ఊడ్చినాను.
ఊడ్చి, తలుపు లోపలి నించి గడి పెట్టుకున్నా.
ఎందుకంటే చెప్పలేను.

సొరుగులో కాయితం ఒకటి, గళ్ళు గీసి.
పేరు: ఆవుల చెంగమ్మ.
ఊరు: ఇదే.
ఇక్కడికి ఎందుకు రాదలిచారు:
పోయిందెప్పుడు గనక.
కళ: ఆ గడి కాడ పెన్ను ఆగింది.
ఆగనిచ్చినా.

కిటికీలోంచి ఇల్లొకటి కనబడింది.
తాటాకు కప్పు మీద పాత టైరు,
దండెం మీద పచ్చ రవిక,
పొయ్యి పొగ లేదు.
ఎవరిదో పాపం, ఇంత చిన్నదా, అనుకున్నా.
రవికని బట్టి గుర్తు పట్టినా.
ముప్పై యేళ్ళు ఆ ఇంట్లోంచి ఈ మేడని చూశాను గానీ
మేడ నించి దాన్ని చూసింది అప్పుడే.
పెన్సిలు పట్టుకున్నా.
కాయితానికి నా వేళ్ళ ఉప్పు అంటింది, అంతే.

పొద్దుగూకే ఏళకి మెట్ల మీద కాళ్ళ చప్పుడు.
పొన్నమ్మ.
ఏందని అడగలేదు, తలుపు కొట్టలేదు.
గిన్నె పెట్టిన చప్పుడు, మూత మీద రాయి చప్పుడు.
రెండు మెట్లు దిగి ఆగింది.
"మేడంగారూ, ఉప్పు సరిపోయిందా?"

తినకముందే అన్నా, తక్కువైందని.
మడుగంతా వినబడేట్టు నవ్వింది, ముండ.

రెండు రోజులున్నా ఆ గదిలో.
సొసైటీ వాళ్ళు రిపోర్టు అడిగితే
రాసుకోండి,
గిన్నె కడిగి ఇచ్చింది.