తేలిన బొట్టు

డిసెంబరులో బడులు మూసేస్తారు.
బ్లాంటైర్‌లో మా చల్లగది అరలు
ఒక్కొక్కటే బోసిపోతాయి.
మా దేశానికి నెత్తురిచ్చేది ఎక్కువగా బడిపిల్లలే.
యూనిఫాం చేతులు పైకి మడిచి,
ఫాంటా సీసా కోసం సగం,
పక్క బెంచీ అమ్మాయి చూస్తుందని సగం.
వాళ్ళు ఊళ్ళకి పోయిన నెలలోనే
వానలు దిగుతాయి, దోమలు లేస్తాయి,
పిల్లల వార్డులో మంచానికి ముగ్గురు.

రోజూ పొద్దున నా బల్లమీద ఒక కాగితం.
ఓ పాజిటివ్ పదకొండు. ఓ నెగటివ్ సున్నా.
సున్నా పక్కన సంతకం ఎలా పెట్టాలో
నాకెవరూ నేర్పలేదు.
రాజధాని నుంచి ఫోను:
"ప్రచారం పెంచండి, జియోనే."
పోస్టర్లు కట్టలుగా ఉన్నాయి,
నవ్వే పాప, ఎర్రటి గుండె బొమ్మ.
ముప్పై అయిదు రోజులు దాటితే
ఏ సంచీ ఏ పోస్టరు మాటా వినదు.

ములాంజే దారిలో తేయాకు తోటలు దాటాక
పుకారు మాకంటే ముందే చేరి కూర్చుంది.
రాత్రిళ్ళు నెత్తురు పీల్చేవాళ్ళు తిరుగుతున్నారట,
తెల్ల వ్యాన్‌లో,
రబ్బరు గొట్టాలతో.

మాది తెల్ల వ్యానే.
గొట్టాలూ ఉన్నాయి.
లింబికాని ఇంజను ఆపలేదు.

గుంపు చేతుల్లో పారలు.
పొలం నుంచి వచ్చినవో, మాకోసం తెచ్చినవో.
ఊరంతా గోగో అని పిలిచే నసిబెకో,
పళ్ళు లేని ముసలమ్మ,
వ్యాన్ తలుపు మీద కర్రతో కొట్టి
"ముందు నీది తియ్యి. చూస్తాం" అంది.

ఇవ్వండి ఇవ్వండి అని
పన్నెండేళ్ళుగా అరుగుతున్న నోరు నాది.
నా చెయ్యి చాపి ఎన్నాళ్ళయిందో
ఏ పద్దులోనూ లేదు.

వేలికొస పొడుచుకున్నాను.
గాజుగ్లాసులో నీలిమందు.
బొట్టు మునిగితే ఇవ్వొచ్చు, తేలితే కూడదు.
ఈ రూలు జిల్లాలన్నిటికీ పంపింది నేనే.
బొట్టు కాస్త దిగింది,
ఏదో మర్చిపోయినదానిలా ఆగింది,
తిరిగి పైకొచ్చి
అక్కడే ఉండిపోయింది.

నర్సు ఎటో చూసింది.
ఆ గుంపులో ఎవరికీ ఈ రూలు తెలీదు.
పడుకుని చెయ్యిస్తే సరిపోయేది.

"నేను పనికిరాను" అన్నాను.
"నాలో నెత్తురు తక్కువ. నాది తియ్యరు."

ముందు ఒక పిల్లాడు నవ్వాడు.
తర్వాత పారల మీద గడ్డాలానించి పెద్దలూ.
గోగో గ్లాసు ఎత్తి ఎండకి పట్టి చూసి
అందరివైపూ తిరిగింది:
"తాగే నోరయితే
వద్దంటుందా?"

తొమ్మిదిమంది పడుకున్నారు.
సైకిల్ టాక్సీ మసౌకో కళ్ళు మూసుకునే అడిగాడు,
"నాది ఎవరికెక్కిస్తారు?"
తెలీదన్నాను. వాడికది నచ్చలేదు.
నచ్చకపోయినా చెయ్యి తీసుకోలేదు.

వయసు దాటిందని గోగోను వద్దన్నారు.
నర్సుని నాలుగు తిట్టి
నా పక్కన మెట్టుమీద కూలబడింది.
పనికిరానివాళ్ళిద్దరం
ఒకే బిస్కెట్ పొట్లం తిన్నాం.

పరీక్షల్లో రెండు సంచులు పోయాయి.
మిగిలినవి ఏడు, అందులో ఓ నెగటివ్ ఒకటి.
కాగితం మీద ఆ ఒకటిని
రెండుసార్లు దిద్దాను.
మధ్యాహ్నానికి అదీ లేదు.
ఎవరికో వెళ్ళింది.

వ్యాన్ సీటు కింద
గోగో పడేసిన గుమ్మడాకు కట్ట వాడిపోతోంది.
ఉడికించి తినమంది.
మూడు నెలలాగి రమ్మంది,
నా బొట్టు మునుగుతుందో లేదో
తనే చూస్తుందట.