అడిగితే వస్తుందో లేదో

ఆమె వచ్చిన రోజు కాంకార్నోలో వాన.
అరవై ఆరు, ఫిబ్రవరి.
బ్యాంకులో మూడో కిటికీ వెనక నేను.
కొత్త ఉద్యోగం, కొత్త టై,
ముక్కుకింకా అలవాటు పడని సార్డీన్ చేపల వాసన.

ఖాతా తెరవాలంది.
పేరు సొయాజిగ్ కెర్వెలా.
పని, ఫ్యాక్టరీలో చేపల తలలు తీయడం.
నా నాలుక దానంతటదే కదిలింది:
"మీ ఆయన సంతకం?"

ఆయన డకార్ వైపు ట్యూనా వేటకెళ్ళాడని
ఊరందరికీ తెలుసు. ఆమె ఆ మాటెత్తలేదు.
"ఈ నెల నుంచి అక్కర్లేదట కదా" అంది.
ఆ 'అట'లో వినయం చూసి మోసపోకండి.
కొత్త చట్టం అచ్చైన పేపరు ముక్క
నాలుగు మడతలై ఆమె జేబులో ఉంది,
నూనె పీల్చి
రెండు వైపుల అక్షరాలూ ఒకదాని మీదొకటి కనిపిస్తూ.

ఫారం ఇచ్చాను.
చూపుడు వేలికి గుడ్డ కట్టు,
ఆ వేలితోనే సంతకం.
నేనైతే ఆ లోపు రెండు సిగరెట్లు కాల్చేవాణ్ణి.
డెబ్బై ఫ్రాంకులు, తడి నోట్లు.
ఆరేదాకా సొరుగులో విడిగా పరిచాను.

మూడు వారాలకి మళ్ళీ వచ్చింది.
డెబ్బయ్యీ తీసేయాలంది.
"ఏమైనా కష్టమా?" అడక్కూడనిది అడిగాను.
లెక్కపెట్టుకుంది. వెళ్ళలేదు.
గడియారం కింద బెంచీ మీద కూచుంది
పావుగంట.
లేచొచ్చి అదే డబ్బు నా ముందు పెట్టింది.
"వేసుకోండి."
"మరెందుకు తీశారు?"
"అడిగితే వస్తుందో లేదోనని."

నవ్వాను. ఇరవై రెండేళ్ళు నాకప్పుడు.
అడగకముందే అన్నీ నా దగ్గరికి వచ్చేవి,
అడగడమంటూ ఒకటుందని తెలిసేది కాదు.

ఆ ఊళ్ళో చేపల పడవ వస్తే ఫ్యాక్టరీ సైరన్ కూస్తుంది.
తెల్లారుజాము మూడైనా సరే.
ఆ కూతకి వీధి వీధంతా బూట్ల చప్పుడు,
జ్వరంతో ఉన్నవాళ్ళూ,
చంటిబిడ్డ నోట్లోంచి రొమ్ము లాక్కున్నవాళ్ళూ.
రానివాళ్ళకి మర్నాడు బల్ల దగ్గర జాగా ఉండదు.

నా అద్దె గది ఆమె ఇంటికెదురుగా.
ఆగస్టులో ఒక రాత్రి కూసింది.
ఆమె కిటికీలో దీపం వెలిగింది.
వీధి నడిచి వెళ్ళిపోయింది.
దీపం ఆరింది.
తలుపు తెరుచుకోలేదు.

పొద్దున పదింటికి గుమ్మంలో కుర్చీ వేసుకుని
గిన్నెడు కాఫీలో రొట్టె ముంచుకు తింటోంది,
కాళ్ళు రెండూ ఎండలోకి చాపి.
ఆమె ఖాతాలో అప్పటికి నూట తొంభై.
ఊళ్ళో ఆ అంకె తెలిసింది
మా ఇద్దరికే.

నూట తొంభైకి ఏమొస్తుంది అంటారా?
సైకిలు రాదు.
బేరమాడితే చలికోటు రావచ్చు.
ఆమెకి నిద్ర వచ్చింది.

బల్ల దగ్గర జాగా పోయిందట.
తొమ్మిదో రోజున, చేపలు కుప్పలు పడి
వాళ్ళే కబురంపారట.
వంటపని కాగానే వస్తానందట.

ఆ ఆదివారం మా మేనేజరు
లెక్కలు తేలలేదు రమ్మని మనిషిని పంపాడు.
వెళ్ళాను.
టై కట్టుకుని మరీ.