ఇటుకరంగు వచ్చేదాకా

బ్యూరెట్టు కడగడం నా ఉద్యోగం.
ఇరవై రెండేళ్లుగా రాజోలు కాలేజీ ల్యాబులో
కన్ను గీత మట్టానికి దించి
నీటి వంపు అడుగునే చూడమని
పిల్లలకి చెప్తుంటాను.
చెప్పాల్సింది మాస్టారే.
ఆయనకి బోర్డు వదలబుద్ధి కాదు.

మోల్ అంటే నాకు చాన్నాళ్లు లోపలికి దిగలేదు.
ఆరు పక్కన ఇరవై మూడు సున్నాలంటారు!
మా అమ్మ వడ్లు కుంచంతో కొలిచేది,
ఏనాడూ గింజలు లెక్కపెట్టలేదు.
ఇదీ ఓ కుంచమే అనుకుని సరిపెట్టుకున్నాను.
ఉప్పుతో నింపితే యాభై ఎనిమిదిన్నర గ్రాములు తూగుతుంది,
పంచదారతో నింపితే మూడొందల నలభై రెండు.
గింజలు మాత్రం అన్నే.

ఫిబ్రవరిలో దాళ్వాకి వంతులు పెట్టారు.
శివారు చేలకి నీరొస్తుందన్న మాట
కాగితం మీద మాత్రం తడిగానే ఉంది.
అప్పుడొచ్చింది చెల్లుబోయిన హైమావతి, బైపీసీ రెండో ఏడు,
కూల్‌డ్రింకు సీసా నిండా బోరు నీళ్లతో.
"వరహాలుగారూ, ఆకు చివర్లు కాలిపోతన్నాయండి.
నాన్నేమో పక్కన రొయ్యల చెరువు వల్లంటాడు.
చెరువాళ్లేమో మీ బోరే లోతెక్కువంటారు."

మాస్టారు ఆ రోజు సెలవు.
సిల్వర్ నైట్రేట్ నా బీరువాలో, నల్లసీసాలో ఉంటుంది,
చుక్క చుక్కకీ పద్దు రాయాల్సిన సరుకు.
తాళం తీశాను.

ఇరవై మిల్లీలీటర్ల బోరు నీరు,
క్రోమేటు నాలుగు చుక్కలు. పసుపునీళ్లలా అయింది.
పైనుంచి వెండి ద్రావణం పడేకొద్దీ
విరిగిన పాలలా తెలుపు.
చుక్క పడ్డచోట ఎరుపు లేస్తుంది, ఫ్లాస్కు తిప్పితే పోతుంది.
లేస్తుంది, పోతుంది.
పోకుండా నిలిచిన మొదటి ఎరుపు దగ్గర ఆపెయ్యాలి.
మొదటిసారి పిల్ల ఆగలేకపోయింది,
ఫ్లాస్కు ఇటుకబట్టీ అయిపోయింది.
రెండోసారి ఇరవై నాలుగు.
మూడోసారీ ఇరవై నాలుగే.

లెక్క తనే వేసింది.
ఇరవై నాలుగు ఇంటూ 0.02, బై ఇరవై.
0.024 మోలార్.
యాభై ఎనిమిదిన్నరతో హెచ్చవేస్తే
లీటరుకి 1.4 గ్రాముల ఉప్పు.
"ఇంతేనాండీ? చిటికెడు! నాన్న నవ్వుతాడు."

నవ్వడమ్మా, అని
ఆ కాగితం వెనక్కి తిప్పాను.
ఎకరం చేలో రెండంగుళాల నీరు పెడితే
రెండు లక్షల లీటర్లు.
రెండొందల ఎనభై కిలోలు.
యాభై కిలోల బస్తాలైతే ఐదు దాటి ఆరో బస్తా సగం పైన.
ఒక్క తడికి.
మీ నాన్న భుజాన మోసుకెళ్లి చల్లుతున్నట్టే,
మోటారు మోస్తోంది గనక నడుం నొప్పి తెలీలేదు.

చాలాసేపు మాట్లాడలేదు.
తర్వాత పలచన సూత్రం రాసుకుంది.
ఉప్పు నాలుగో వంతుకి దిగాలంటే
ఒక పాలు బోరు నీటికి మూడు పాళ్లు కాలవ నీరు.
సరైన జవాబే. పరీక్షలో ఐతే నాలుగు మార్కులు.
సూత్రంలో నీళ్లెప్పుడూ దొరుకుతాయి.

"మరి ఎవరి ఉప్పండీ ఇది?"
ఎంతో చెప్తుంది బ్యూరెట్టు. ఎవరిదో చెప్పదు.
సముద్రానిదైనా చెరువుదైనా
వెండికి ఒకటే క్లోరైడు.

మర్నాడు మూడు సీసాలతో వచ్చింది.
మూతల మీద పెన్నుతో రాసింది:
మా బోరు. చెరువు తూము. రొయ్యలు రాకముందు తవ్విన నుయ్యి.
ముందురోజు ఒలికిన మందు
చూపుడువేలి మీద నల్లగా తేలింది.
ఓటు వయసు రాలేదింకా ఆ పిల్లకి,
ఓటేసొచ్చినట్టే ఉంది.

నల్లసీసా వెలుతురులో పెట్టి చూశాను.
మిగిలింది రెండు సీసాల నీటికే వస్తుంది.
ఏ రెండు, అని అడిగాను.
మూడు మూతలూ విప్పి
ఒక్కోటీ నాలిక చివర పెట్టుకుని చూడబోయింది.
చెయ్యి పట్టుకుని ఆపాను.