సుంకం లేదు

రామచంద్రపురం లైబ్రరీలో కొత్త బోర్డు పెట్టాలన్నారు ప్రెసిడెంటుగారు.
"పద్దెనిమిది వందల ఎనభై ఆరులో
గతించిన మన ప్రాంతపు ప్రముఖులు."
నీలం మీద తెల్లక్షరాలు.
పెయింటరు రేటు అక్షరానికింత.
పేర్లు తేవడానికి నాకు వారం గడువు.

మొదటి పేరు తేలిక.
దంతులూరి జగ్గరాజు గారు.
సత్రం గోడలో చలవరాయి ఉంది,
దానిమీద తెలుగేడూ ఇంగ్లీషేడూ రెండూ చెక్కారు.
ఆయన ఏం చేశాడో చెక్కడానికి
రాయి చాలినట్టు లేదు.

చిక్కంతా తర్వాతి పేర్ల దగ్గర.

ఖండవిల్లి భీమశంకర సిద్ధాంతి
గవ్వలు పరిచి గ్రహణం కట్టేవాడు,
పట్టూ విడుపూ విఘడియలతో సహా.
సూర్యచంద్రులు ఆయన మాట జవదాటలేదు.
వాన మాత్రం
ఎప్పుడూ వినలేదట.

కాలవకి ఇవతల లాకు గుమాస్తా
పంతగాని యాకోబు.
వాన కొలిచే సీసాలో అంగుళాలు చూసి
"సిద్ధాంతిగారూ, తమరి ఆఢకాలెన్ని,
మా సీసాలో పడినవెన్ని?" అని కేకేసేవాడు.
"సీసా మూత తీసే పెట్టావట్రా?" అని
అటు గట్టు నుంచి జవాబు.
ఇరవై ఏళ్లు అలాగే మాట్లాడుకున్నారు.
ఇద్దరి మధ్యా ఎప్పుడూ కాలవంత దూరం.
అది కాలవ పెట్టిన దూరం మాత్రమే కాదు.

సిద్ధాంతి పోయింది ఫాల్గుణ బహుళ ఏకాదశి.
పార్థివ వెళ్లడానికి ఇంకా నాలుగు రోజులుంది.
రాబోయే వ్యయకి పంచాంగం కట్టేసే పోయాడు,
ఆదాయ వ్యయాలూ రాజపూజ్యాలూ అందరికీ పంచి.
తను ఒక్క రోజూ వాడుకోలేదు.

ఆ ఏడు ఈస్టరు
ఏప్రిల్ ఇరవై ఐదు దాకా రాలేదు.
వచ్చిన తెల్లవారుజామున
గుడి గంట కొట్టే వేళకి యాకోబు లేడు.

క్యాలెండరు లెక్కన ఇద్దరిదీ ఒకే ఏడు.
పంచాంగం లెక్కన
ఒకరు పార్థివలో, ఒకరు వ్యయలో,
నడుమ ఉగాది పచ్చడి.
ఒకే బోర్డు మీద రాస్తే సిద్ధాంతి ఒప్పుకోడు.
విడదీస్తే యాకోబు నవ్వుతాడు.
పోయాక కూడా తగువు నా నెత్తిన పెట్టారు.

నాలుగో రోజు లాకు ఆఫీసు అటక ఎక్కాను.
చెదలు అంచులు తిని
నడుమ దయతలచి వదిలిన ఖాతా.
ధాన్యం, కొబ్బరికాయలు, సున్నపురాయి,
పడవ పడవకీ తేదీ, తేదీ తేదీకీ సుంకం.
మార్చి ముప్పై ఒకటి.
పడవ నలభై మూడు. కోటిపల్లి రేవుకి.
సరుకు అన్న గడిలో ఏదో రాసి
కలం విరిగేలా కొట్టేశాడు.
సుంకం లేదు.
పక్కన, ఖాతా మొత్తంలో మరెక్కడా లేని మాట,
అదే గుండ్రటి మిషను బడి చేతిరాతలో:
ఫాల్గుణ బహుళ ఏకాదశి.

చాలాసేపు అటక మీదే కూచున్నాను.
తలమీద పెంకులు కాలుతున్నాయి.

ఆ వరసలోనే చివరి గడి:
పడవ నడిపినది మల్లాడి నూకాలు.
నిశానీ, ఒక చేప. తోక కాస్త వంకర.

రేవులో వలలు అల్లుతున్న ముసలామెనడిగితే తెలిసింది.
వరదలో పూరికప్పుల మీంచి
జనాన్ని దింపిన మనిషి నూకాలు.
ఎంతమందినమ్మా?
"లెక్కపెడుతూ కూచుంటే మునిగిపోరూ?"
ఎప్పుడు పోయింది?
"కాలవ కట్టేసిన ఎండల్లో.
పడవ బురదలో కూరుకుపోయి ఉంది,
కాటికి మోసుకెళ్లారు."
ఏ ఏడు?
ఆమె వల దింపి నాకేసి చూసింది,
ఇంత చదివీ ఇదడుగుతాడేమిటన్నట్టు.
"ఆ ముసలోళ్లిద్దరూ పోయిన ఏడే కదా బాబూ!"

పెయింటరు నిచ్చెనేసుకుని ఉన్నాడు.
ఎన్ని పేర్లన్నాడు. నాలుగన్నాను.
ప్రెసిడెంటుగారి చీటీలో మూడే ఉన్నాయన్నాడు.
తేదీలెక్కడన్నాడు. వద్దన్నాను.
చివరి పేరు పక్కన చేప గీసి చూపించాను,
తోక కాస్త వంకరగా.
చాలాసేపు చూశాడు.
కుంచె చెవిలో దోపుకుని అడిగాడు:
"దీన్ని అక్షరం కింద కట్టమంటారా,
బొమ్మ కిందా?"