వరుస

అరబ్బీలో ‘ప’ లేదు.
అందుకే మా అబ్బ పీరప్ప
సులైబిఖాత్ శ్మశానం ఆఫీసులో
నాలుగు సెలవులు తిరిగినా దొరకలేదు.

ఐదోసారి, గుమాస్తా,
ఈజిప్టు ముసలాయన,
నా పెదవుల వంకే చూసి
“బీరబ్బా?” అన్నాడు.
ఆకుపచ్చ రిజిస్టర్లో ఉన్నాడు అబ్బ,
పొరలు పొరలుగా దుమ్ము కింద.

నేను కువైట్‌కు తెచ్చుకున్న ఆధారం తక్కువే.
ఎనభై ఒకటిలో జనాభా లెక్కలాయన
మా ఇంటి తలుపు మీద జాజుతో నంబరు రాసి
ఇంట్లో ఎంతమంది అంటే
జేజి “ఐదుమంది” అనిందంట.
జాబు రాలేదు కాబట్టి ఉన్నట్టే లెక్క.
ఈ రిజిస్టరు ప్రకారం
అప్పటికి రెండేండ్లు.

గుమాస్తా వేలు పెట్టి చదివినాడు.
తండ్రి: ఫకీరబ్బ.
వయసు: నలభై, సుమారుగా.
పని: కూలి.
(దూదేకేవాడని రాయడానికి
ఇక్కడ ఎవరికి తెలుసు, ఏకిన దూది ఎంత తేలికో.)
కారణం: గుండె ఆగింది.
ఎవరికైనా అంతే కదా అన్నా.
ఆయన నవ్వలేదు.

శవాన్ని ఒప్పుకున్నవాడు: శౌదబ్బ.
వరుస: తమ్ముడు.

మా అబ్బ ఒక్కడే కొడుకు.

అప్పటికి కిటుకు తెలిసింది నాకు.
‘శ’ తీసి ‘చ’ పెట్టినా,
‘ద’ను కొంచెం గట్టిగా పలికినా,
పోయిన ‘ప’ను వెనక్కి తెచ్చినా:
చౌడప్ప.
చౌడమ్మకు మొక్కుకుని పుట్టినోడు
పీరుకు మొక్కుకుని పుట్టినోడి పక్కన
వేలిముద్ర వేసి
సర్కారుకు అబద్ధం చెప్పినాడు.
నమాజులో ఎట్ల నిలబడినాడో,
పక్కోడిని చూసి వంగినాడేమో.

బకాలా చీటీ వెనక నేను గీసుకున్న వంశంలో
అబ్బ పక్కన చోటు లేదు.
మడత మీదికి గీత లాగినా,
పెన్ను కాయితాన్ని చీల్చింది.

పద్దెనిమిదో వరుస, నలభయ్యో రాయి.
పేరు లేదు. అంకె సగం ఇసుకలో.
అత్తరు తేవడం మరిచిపోయినా,
కారులో ఉన్న నీళ్ళసీసా పోసినా,
పోసినంతసేపు కూడా తడి లేదు.

నీకేమవుతాడని అడిగినాడు కాపలావాడు.
చెప్పినా.
అడక్కపోయినా
చౌడప్ప ఏమవుతాడో కూడా చెప్పినా:
చిన్నబ్బ.
ఆయన ఎక్కడున్నాడంటే మాత్రం,
ఈ రిజిస్టర్లో ఉండడు కదా,
ఏ ఊరో ఆ గడిలో ఎవరూ రాయలేదు.