యాభై హెర్ట్జ్

నల్లపాడు రోడ్డులో మా అద్దె గది
కోల్డ్ స్టోరేజీ గోడకి వీపు ఆనించి నిలబడుతుంది.
గోడకి చెవి పెడితే
లక్ష బస్తాల మిరపకాయలు చలికి మూలుగుతున్నట్టు
ఒకటే హోరు.
కంప్రెసర్ అది. ఫోన్లో కొలిచాను:
నలభై తొమ్మిది పాయింట్ తొమ్మిది.
యాభై అని పుస్తకం అంటుంది గానీ
కరెంటు ఏ పూటా పుస్తకం చదవదు.
సాయంత్రం ఊరంతా ఏసీలు వేసుకున్నాక కొంచెం దిగుతుంది,
తెల్లారుజామున కొంచెం ఎక్కుతుంది.
ఆ కొంచెం కోసం మేలుకుంటాను.

ఏ పాటకైనా వెనక ఒక తంబురా ఉండాలి.
నాది అద్దెలో కలిసే వచ్చింది.

బ్రాడీపేటలో సెకండ్ హ్యాండ్‌లో కొన్న కీబోర్డు,
అందులో పై రిషభం పలకదు.
అందుకని నా పాటల్లో పై రిషభం ఉండదు.
విన్నవాళ్లు, ఇద్దరే,
అది నా స్టైల్ అనుకుంటారు.

హమాలీ కొక్కెం గోనెలో దిగే చప్పుడు
ఎనిమిది రెట్లు నెమ్మది చేస్తే
రేకుల మీద వాన మొదలవుతుంది.
కాటా దగ్గర లారీ వెనక్కి వచ్చే కూత
అలాగే వదిలేశాను, దానికి ఏమీ చెయ్యక్కర్లేదు.
ఇక తుమ్ములు.
యార్డు గాలిలో తుమ్ము లేని రికార్డింగు దొరకదు.
మొదట్లో కోసి పారేసేవాణ్ణి.
ఇప్పుడు నాలుగో దెబ్బ మీద కూర్చోబెట్టాను, పీట వేసి.

సిగ్నల్స్ పేపరు రెండోసారి కూడా పోయింది.
ఎంతటి గోలనైనా విప్పుకుంటూ పోతే
చివరికి మిగిలేవి సాదా సైన్ వేవులేనని పాఠం.
నేను నమ్మాను.
నిరూపించమంటే రాలేదు.

పాటకి ఒక బొమ్మ కావాలనిపించి
ల్యాప్‌టాప్‌లో కళ్లం ఆరబోశాను.
పిక్సెల్‌కో కాయ.
కోటీ అరవై లక్షల రంగులున్నాయట యంత్రంలో,
ఎరుపు దగ్గరే మూడు రాత్రులు గడిచాయి.

పక్క పోర్షను ఖాసింబీ
తొడిమలు తీసే పని నుంచి వచ్చి
మజ్జిగ గిన్నెలో చేతులు ముంచుకుని కూర్చునుంది.
"ఏందయ్యా అది, పొద్దస్తమానం?"
"మిరపకాయలు, పిన్నీ."
గిన్నెతో సహా గడప దగ్గరికి వచ్చి చూసింది.
"తాలు ఏరకుండానే పోశావే.
ఈడ. ఈడ. ఆ మూలంతా.
తేజ రంగు కాదది, తడిసి ఆరిన కాయ."
వేలి మంట తెరకి అంటుతుందేమోనని
జానెడు దూరం నుంచే చూపించింది.

జూమ్ చేస్తే నిజమే.
ఫైలు సైజు తగ్గించినప్పుడు
ఆ మూల రంగులు చచ్చిపోయాయి.
నేను గానీ, నా మూడు రాత్రులు గానీ
గమనించనే లేదు.

ఆమె చెప్పింది, నేను నొక్కాను.
ఇంట్లో అన్నం మాడిన వాసన వచ్చేదాకా
ఇద్దరం తాలు ఏరాం.
"కేజీకి ఎంతిస్తావు?" అని నవ్వి
మజ్జిగ గుమ్మం ముందు పారబోసి వెళ్లింది.

ఆ రాత్రి పన్నెండు దాటాక కరెంటు పోయింది.
హోరు ఆగింది.
ఆగగానే వీధంతా లేచింది!
ఎవరో తలుపు తీశారు, ఎవరో మంచం మీద పొర్లారు,
ఒక పసివాడు అందుకున్నాడు.
అంటే ఇన్నాళ్లూ నిద్రలో అందరూ దాన్నే వింటున్నారు.
గోడవతల ఖాసింబీ దగ్గు,
ఆ తర్వాత గ్లాసు కడవలో మునిగిన శబ్దం.

జనరేటర్ మొదలైంది,
అర స్వరం తక్కువలో, శృతి తెలియని కొత్త శిష్యుడిలా.

నా రికార్డర్ నడుస్తూనే ఉంది,
బ్యాటరీ పదకొండు శాతం.

పాట మధ్యలో ఒకచోట పంతొమ్మిది సెకన్లు
ఏమీ వినిపించదు.
చెడిపోయిందనుకోకండి.
అక్కడ వాల్యూమ్ పెంచండి.