రెండించుల గుడ్డ

బస్తీ దవాఖాన డాక్టరమ్మ
షుగర్ కాగితం మీద ఎర్ర గీత గీసి
రోజూ అర్ధగంట నడువమన్నది.
నలభై తొమ్మిదేండ్ల కాళ్లు నావి.
ఇరవై ఆరేండ్ల సంది మిషన్ తొక్కినయ్ గని
ఎక్కడికీ పోలేదు.

సుద్దముక్క తీసుకొని
షటర్ పక్క గోడ మీద లెక్క మొదలువెట్టిన.
నడిచిన రోజుకు ఒక గీత.
వారాసిగూడ గల్లీ కెళ్లి
సీతాఫల్‌మండి రైలు బ్రిడ్జి దాక, మళ్ల ఎనుకకు.
పాల ట్రేలు దించే పోరడు
నాలుగో రోజే నమస్తే పెట్టిండు.
పదకొండు గీతలయినంక
లోకం గెలిచినట్టు ఇరానీ చాయ్ తాగిన,
చక్కెర తక్కువెయ్యమని చెప్పుడు మర్చిపోయిన.

పన్నెండో రోజు వాన.
వానకు నేనేం జేస్త.
పదమూడు, పద్నాలుగు, మెట్టుగూడోళ్ల లగ్గం,
పందొమ్మిది జాకెట్లు, హుక్కులతో సహా.
అది గూడ సరే.
పదిహేనో రోజు మాత్రం
వాన లేదు, పని లేదు, జరం లేదు.
మెలకువొచ్చింది. కాళ్లున్నయ్. గడప కాడ చెప్పులున్నయ్.
లేవలేదు. అంతే.

ఏ సాకూ లేని ఆ ఒక్క రోజు
గొంతుల ముల్లయి కూసున్నది.
గోడ ముందు నిలవడి
నన్ను నేను ఏమేమన్ననో చెప్తే
మిషన్‌కు గూడ సిగ్గయితది.
సగం మాటలు నావి గావు,
చిన్నప్పుడు ఎవరో చెవుల పోసినవి,
ఇన్నేండ్లకు వడ్డీతోని బయటికొచ్చినయ్.
తడిగుడ్డ తెచ్చి
పదకొండు గీతలూ తుడిచేసిన.

ఆ పగటీలే రుఖియా,
నా కాడ పని నేర్చుకునే పిల్ల,
ఎడమ చెయ్యి కుడి భుజానికెక్కించి
తప్పు తెలిసి, కత్తెర కింద పెట్టి
ముక్కు ఎగపీల్చబట్టింది.
"ఏం గాలే బేటా. విప్పు, మళ్ల ఎక్కియ్యి.
నేనెన్నిసార్లు ఎక్కించిననో గట్ల.
విప్పిన దారం కింద పడెయ్యకు,
కాళ్లకు చుట్టుకుంటది."
నీళ్లు తాగినంత అలకగ
నా నోట్లకెళ్లే వచ్చినయ్ గా మాటలు.

అది తిరగేసిన జాకెట్
నా ఒళ్లె పడ్డది.
పక్క కుట్టు లోపల
బయటికి కనపడకుండ రెండించుల గుడ్డ.
అందరికీ వదుల్త నేను.
రేపు కడుపు పండుతదని,
మందులకు ఒళ్లు ఉబ్బుతదని,
దుఃఖానికి భుజాలు జారుతయని,
మనిషన్నంక ఒక్క కొలత మీద ఉండదని
నాకు తెల్వంది గాదు.
జాగ వదలనోణ్ని దర్జీ అనను.
నాకు నేను ఇచ్చుకున్న మాటను మాత్రం
గీత మీదికెళ్లే కోసుకున్న,
నిండ ఊపిరి పీలిస్తే పిగిలేటట్టు.

తెల్లారి బ్రిడ్జి దాక పోలేదు.
ట్రాన్స్‌ఫార్మర్ కాడ ఆగి
నడుం మీద చేతులు పెట్టుకొని
రైలు ఎల్లిపోయే సప్పుడు ఇని తిరిగొచ్చిన.
పాల పోరడు ఏం అడగలేదు.
ఎప్పటిలెక్కనే నమస్తే పెట్టిండు.

తుడిచిన మరక ఇంక పోని గోడ మీద
సగం గీత గీసిన.
"గిదేంది అక్కా, సగమే ఉన్నది?"
"కచ్చా కుట్టు," అన్న.
రుఖియా ఇంకేం అడగలే,
దారం తడి చేసి
సూదిల ఎక్కించుకుంట కూసున్నది.